తెచ్చిపెట్టుకున్న ఆలస్యం: నెట్‌వర్క్ జాప్యానుకరణ చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

సాఫ్ట్‌వేర్ పరీక్షల్లో నెట్‌వర్క్‌ను కావాలనే నెమ్మది చేయడం నేడు సర్వసాధారణమైన పద్ధతి. దీని మూలాలు ఇంటర్నెట్ కన్నా చాలా పాతవి. 1856లో లండన్‌లో జరిగిన తంతి ప్రయోగం మొదలుకొని నేటి బ్రౌజర్లలోని మందగమన ఎంపికల వరకు ఈ పద్ధతి నడిచిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అనుకరణ అసలుకు ఎక్కడెక్కడ దూరమైంది, ఆ దూరం వల్ల నష్టపోయేది ఎవరు అన్నవి ఇందులో ప్రధాన ప్రశ్నలు. అనుకరణ విషయంలో శ్రీశంకుక, భట్టతౌతుల వాదాన్నీ, తెలుగు లిపికి కంప్యూటర్‌లో పట్టే చోటునూ సందర్భానుసారంగా ప్రస్తావించడం జరిగింది.

కీలకపదాలు: జాప్యం, అనుకరణ, తంతి, ప్యాకెట్, డమ్మీనెట్, నెట్‌ఎమ్, చిత్రతురగ న్యాయం, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం

సాఫ్ట్‌వేర్‌ను రాసే చోటు, దాన్ని వాడే చోటు ఒకటి కావు. రాసేవారి కంప్యూటర్‌కూ అదే భవనంలో ఉన్న సర్వర్‌కూ మధ్య సమాచారం వెళ్లి రావడానికి ఒక మిల్లీసెకను కూడా పట్టకపోవచ్చు. వాడేవారి ఫోనుకూ ఆ సర్వర్‌కూ నడుమ సెల్ టవర్లు, రూటర్లు, సముద్రగర్భపు కేబుళ్లు ఉంటాయి. రాసిన చోట క్షణంలో తెరుచుకున్న పుట వాడిన చోట అరనిమిషం తెల్లగా నిలిచిపోవడానికి కారణం ఈ నడిమి దూరమే. ఆ దూరాన్ని రాసేవారి గదిలోకి తెచ్చి చూడటం కోసం పుట్టినదే జాప్యానుకరణ. నెట్‌వర్క్ బాగున్నా బాగాలేనట్టు దాని చేత నటింపజేయడం ఇందులోని కిటుకు.

'నెట్ స్లోగా ఉంది' అనే వాడుక మాటలో నిజానికి నాలుగు వేర్వేరు అవస్థలు కలిసిపోయి ఉన్నాయి. పంటకాలువను తలచుకుంటే ఇవి తేలిగ్గా విడివడతాయి. కాలువ ఎంత వెడల్పుగా ఉందన్నది బ్యాండ్‌విడ్త్. తూము ఎత్తిన తరువాత నీరు శివారు చేలకు చేరడానికి పట్టే కాలం జాప్యం. వెడల్పైన కాలువలోనూ నీరు శివారుకు ఆలస్యంగానే చేరవచ్చు. తల దగ్గరి చేనుకు సన్నని బోదె గుండా కూడా వెంటనే అందవచ్చు. నీరు ఒకనాడు గంటకు, మరొకనాడు పూటకు చేరితే అది జాప్యంలోని ఒడుదొడుకు; సాంకేతిక పరిభాషలో జిట్టర్. దారిలో గండి పడి కొంత నీరు పోవడం ప్యాకెట్ల నష్టం. ఈ నాలుగింటిని విడదీసి చూడటం నేర్చుకోవడానికి ఇంజినీర్లకు చాలా కాలమే పట్టింది. అనుకరణ చరిత్రలోని పొరపాట్లలో సగం, ఒకదాన్ని చూపి మరొకదాన్ని చూశామనుకోవడం వల్ల జరిగినవే.

2. తంతి కాలం: 1856 నాటి పరీక్ష

జాప్యం ఒక శాస్త్రసమస్యగా తొలిసారి తలెత్తింది తంతి కాలంలోనే. స్తంభాల మీద గాలిలో వేలాడే తీగల్లో సంకేతం చటుక్కున చేరేది. గట్టాపర్చా అనే చెట్టుపాల పదార్థంతో కప్పి భూమిలోనో నీటిలోనో వేసిన తీగల్లో మాత్రం అది సాగిలబడి, అలుక్కుపోయి చేరేది. 1854లో మైకేల్ ఫారడే ఈ సంగతిని వివరించాడు. కప్పు చుట్టిన తీగ చుట్టూ ఉన్న నీటితో కలిసి విద్యుత్తును నిలవచేసుకునే పాత్రలా పనిచేస్తుందనీ, ఆ పాత్ర నిండి ఖాళీ కావడానికి సమయం పడుతుందనీ ఆయన గ్రహించాడు. మరుసటి ఏడాది విలియమ్ థామ్సన్, అంటే తరువాతి కాలపు లార్డ్ కెల్విన్, దానికి గణిత రూపం ఇచ్చాడు. తీగ పొడవు రెట్టింపైతే సంకేతపు సాగుదల నాలుగు రెట్లవుతుందని ఆ గణితం చెప్పింది.

అట్లాంటిక్ సముద్రం అడుగున సుమారు 2000 మైళ్ల కేబుల్ వేయాలని తలపెట్టినవారికి ఇది అశుభవార్త. వారి విద్యుత్ వ్యవహారాలు చూసే వైల్డ్‌మన్ వైట్‌హౌస్ వృత్తిరీత్యా వైద్యుడు. థామ్సన్ చెప్పిన వర్గ నియమం నిజం కాదని ఆయన 1856లో బ్రిటిష్ అసోసియేషన్ సభలో వాదించాడు. ఈ వివాదం తేలాలంటే 2000 మైళ్ల కేబుల్ కావాలి. అది ఇంకా లేదు. అందువల్ల లేని కేబుల్‌ను ఉన్న తీగలతో కట్టి చూశారు. 1856 అక్టోబరులో, మోర్స్ సమక్షంలో, లండన్‌లో ఒక రాత్రి ఈ పరీక్ష జరిగింది. ఒక తంతి కంపెనీకి భూమిలో ఉన్న, ఒక్కొక్కటి 200 మైళ్లకు పైబడిన పది తీగలను వరుసగా ఒకదానికొకటి కలిపి 2000 మైళ్ల దారిని తయారుచేశారు. సంకేతం బ్రిటన్ భూగర్భంలోనే పలుమార్లు అటూ ఇటూ తిరిగి, బయలుదేరిన గదికే చేరేది. నిమిషానికి 210, 241, ఒక దశలో 270 సంకేతాలు పంపగలిగామని మోర్స్ ఆ వెంటనే ఉత్తరం రాశాడు. అట్లాంటిక్ తంతి సాధ్యమేనని పెట్టుబడిదారులకు భరోసా కుదిరింది.

నెట్‌వర్క్ అనుకరణకు ఆద్యం ఏదని అడిగితే ఆ రాత్రినే చూపవచ్చు. దీనికి ముందు 1839లో కలకత్తాలో విలియమ్ ఓషాగ్నెస్సీ సుమారు 21 మైళ్ల తీగను వెదురు గుంజల మీద వరుసలుగా అటూ ఇటూ లాగి తంతి ప్రయోగాలు చేశాడు. దూరాన్ని మడిచి ఒక తోటలో ఇమిడ్చే ఉపాయం అక్కడా ఉంది. అయితే ఆయనకు తంతి పనిచేస్తుందా లేదా అన్నదే ప్రశ్న. లండన్ ప్రయోగం అడిగింది మరొకటి: ఇంకా వేయని ఒక నిర్దిష్టమైన దారి ఎంత నెమ్మదిగా ఉండబోతోంది?

జవాబు తప్పిందని రెండేళ్లలో తేలింది. 1858 ఆగస్టులో కేబుల్ వేయడం పూర్తయింది. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడికి పంపిన 98 మాటల సందేశం చేరడానికి సుమారు 16 గంటలు పట్టింది. లండన్ గదిలో నిమిషానికి వందల సంకేతాలు మోసిన '2000 మైళ్లు' సముద్రంలో గంటకు ఆరేడు మాటలకు మించి మోయలేదు. వైట్‌హౌస్ పెద్ద ఇండక్షన్ కాయిళ్లతో సుమారు 2000 వోల్టుల ఒత్తిడి పెట్టాడు. అప్పటికే బలహీనంగా ఉన్న కేబుల్ దాన్ని తట్టుకోలేక, నెల తిరక్కముందే మూగబోయింది. పరీక్షించిన తీగలు చక్కగా వాడుకలో ఉన్నవి; వేసిన కేబుల్ తయారీలోనే లోపాలున్నది, నిలవలోనూ ఓడల మీదా దెబ్బతిన్నది. పొడవు ఒక్కటీ సరిపోతే అనుకరణ సరిపోయినట్టేనని నమ్మడమే అసలు పొరపాటు. దీనికి వైట్‌హౌస్ ఒక్కడినే నిందించడం పరిపాటి అయింది గానీ, ఆ రాత్రి ఆ గదిలో ఉన్న అనుభవజ్ఞులెవరికీ ఈ సందేహం బలంగా తట్టినట్టు లేదు.

1866లో స్థిరమైన కేబుల్ పడిన తరువాతే కృత్రిమ తంతి ఒక నమ్మదగిన పరికరమైంది. క్రామ్‌వెల్ వార్లీ వంటి ఇంజినీర్లు నిరోధకాలనూ కండెన్సర్లనూ వరుసగా పేర్చి, ఒక పెట్టెలో పట్టే కేబుల్‌ను తయారుచేశారు. 1870లలో ఒకే తీగపై ఏకకాలంలో ఇరువైపులా సందేశాలు పంపే డ్యూప్లెక్స్ పద్ధతి వచ్చింది. అమెరికాలో జోసెఫ్ స్టెర్న్స్, సముద్రపు కేబుళ్లకు అలెగ్జాండర్ ముయిర్‌హెడ్ దాన్ని నిలబెట్టారు. ఇందులో అసలు కేబుల్‌కు సరితూగే నకలు కేబుల్‌ను అదే కేంద్రంలో కట్టాలి. రెండూ తూకంలో ఉంటేనే తాను పంపిన సంకేతం తన గ్రాహకాన్ని కదిలించదు. తూకం తప్పితే సందేశం చెడుతుంది. అంటే నకలు ఎంత నిజమో రోజూ, ప్రతి సందేశంతోనూ, అసలే తేల్చేది. తరువాతి కాలపు అనుకరణల్లో ఈ నిత్యపరీక్ష కనిపించదు.

3. మాటకూ మాటకూ నడుమ

1963లో సింకామ్ ఉపగ్రహంతో భూసమకాలిక కక్ష్య యుగం మొదలైంది. 35,786 కిలోమీటర్ల ఎత్తుకు మాట వెళ్లి దిగడానికి సుమారు పావు సెకను పడుతుంది. బదులు రావడానికి మరో పావు సెకను. కాంతివేగాన్ని ఎవరూ పెంచలేరు కనుక ఈ జాప్యాన్ని ఏ ఇంజినీరూ తొలగించలేడు. మనుషులు దాన్ని భరిస్తారా లేదా అన్నదే మిగిలిన ప్రశ్న. అదే ఏడాది బెల్ లేబొరేటరీస్‌లో రీజ్, క్లెమర్ అనే పరిశోధకులు టెలిఫోన్ సంభాషణల్లో కృత్రిమంగా జాప్యం కలిపి, మాట్లాడుకునేవారి స్పందనను నమోదు చేశారు.

వారి ఫలితాల్లో గమనించదగినది సంఖ్యల కన్నా క్రమం. ప్రతిధ్వని లేకుండా చూస్తే, వెళ్లి రావడానికి 600, 1200 మిల్లీసెకన్లు పట్టినా తొలుత చాలామంది పెద్దగా పట్టించుకోలేదు. 2400 మిల్లీసెకన్ల జాప్యాన్ని ఒకసారి అనుభవించాక మాత్రం, అంతకుముందు సర్దుకుపోయిన చిన్న జాప్యాలు కూడా వారిని ఇబ్బంది పెట్టసాగాయి. జాప్యం గడియారంతో కొలిచే రాశి మాత్రమే కాదనీ, దాన్ని గుర్తుపట్టడం కూడా నేర్చుకునే విషయమేననీ ఇందువల్ల స్పష్టమవుతుంది. అవతలివారు తటపటాయిస్తున్నారనో, ముభావంగా ఉన్నారనో అనుకున్న మౌనం నిజానికి యంత్రానిదని తెలిశాకే అది 'జాప్యం' అయింది. తరువాత అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఒకవైపు జాప్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మేలనీ, 400 దాటకూడదనీ సిఫారసు చేసింది.

కంప్యూటర్ల విషయంలో ఈ ఆలోచనను 1968లో రాబర్ట్ మిల్లర్ విస్తరించాడు. పదో వంతు సెకను, ఒక సెకను, పది సెకన్లు అనే మూడు మెట్లు అప్పటినుంచి పాఠ్యపుస్తకాల్లో స్థిరపడ్డాయి. మొదటి మెట్టులో పని తక్షణం జరిగినట్టు తోస్తుంది, రెండవ మెట్టు వరకు ఆలోచన తెగదు, మూడవది దాటితే మనసు మరో పని మీదికి పోతుంది.

4. ఫ్లేక్‌వే

సమాచారాన్ని ప్యాకెట్లుగా ముక్కలు చేసి పంపే పద్ధతి 1969లో ఆర్పానెట్‌తో ఆచరణలోకి వచ్చింది. ఇందులో దారి ఒక్కటే ఉండదు. ముక్కలు వెనకాముందుగా చేరవచ్చు, రెండుసార్లు చేరవచ్చు, అసలే చేరకపోవచ్చు. వీటన్నింటినీ సర్దుకొని పంపినది పంపినట్టు అవతల అప్పగించడం టీసీపీ అనే నియమావళి బాధ్యత. నియమావళి ఇంకా రూపుదిద్దుకుంటున్న తొలి రోజుల్లో వేర్వేరు సంస్థలవారు తమతమ టీసీపీలను ఒకచోట చేర్చి ఒకదానితో ఒకటి మాట్లాడించేవారు. ఈ సమావేశాలకు వంటల పోటీని తలపించే 'బేక్ ఆఫ్' అనే పేరు పెట్టుకున్నారు. జాన్ పోస్టెల్ 1987 సెప్టెంబరులో ప్రచురించిన ఆర్‌ఎఫ్‌సీ 1025 పత్రంలో వాటి పద్ధతి నమోదై ఉంది. మార్కుల పట్టిక కుస్తీ పోటీల్లా బరువుల వారీగా సాగుతుంది. తనతో తాను మాట్లాడుకోగలిగితే ఒక మార్కు. ఎదుటివాడిని నియమబద్ధమైన దెబ్బతో పడగొడితే ఎక్కువ మార్కులు. ఆ కాలపు పరిశోధకుల చమత్కారం ఈ పత్రంలో తెలుస్తుంది.

ఆ పత్రంలోనే 'ఫ్లేక్‌వే' కనిపిస్తుంది. గేట్‌వే అనే మాటను విరిచి చేసిన పేరు ఇది. ఉద్దేశపూర్వకంగా నిలకడలేని ద్వారం అని అర్థం. నూటికి ఇన్ని ప్యాకెట్లను పారేయాలి, ఇన్నింటిని చెడగొట్టి పంపాలి, ఇన్నింటిని వరుస తప్పించాలి అని దాన్ని నడుస్తుండగానే సర్దవచ్చు. 1856లో 'ఈ దారి ఎలా ఉంటుంది' అని అడిగారు. ఇప్పుడు ప్రశ్న 'ఏ దారి ఎదురైనా ఇది తట్టుకుంటుందా' అని మారింది. అసలుకు నకలు తీయడం మాని, అసలులో అరుదుగా జరిగే చెడును ఏరికోరి తెచ్చి ముందుంచడం ఇక్కడ మొదలైంది. నేటి పరీక్షా సాధనాలన్నింటికీ వంశకర్త ఫ్లేక్‌వేయే అనడం అతిశయోక్తి కాదు.

అయినా ఇది కాపాడలేని ప్రమాదం 1986 అక్టోబరులో బయటపడింది. లారెన్స్ బర్క్‌లీ లేబొరేటరీకీ, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణానికీ మధ్య దూరం 400 గజాలు. వాటి మధ్య వేగం సెకనుకు 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకు, అంటే ఎనిమిది వందల వంతుకు పడిపోయింది. తీగ తెగలేదు, యంత్రం పాడవలేదు. రద్దీ వల్ల ప్యాకెట్లు ఆలస్యమయ్యాయి. పంపిన కంప్యూటర్లు అవి పోయాయనుకొని మళ్లీ పంపాయి. ఆ రెండో ప్రతులతో రద్దీ ఇంకా పెరిగింది. రద్దీలో చిక్కుకున్న ప్రతి యంత్రమూ నియమం ప్రకారమే నడుచుకుంది. వాన్ జాకబ్సన్, మైకేల్ కారెల్స్ 1988లో ప్రతిపాదించిన చికిత్సలో ఒక సూక్ష్మం ఉంది. వెళ్లి వచ్చే కాలపు సగటును మాత్రమే లెక్కిస్తే చాలదు, అది ఎంతగా అటూ ఇటూ ఊగుతుందో కూడా లెక్కించాలి. సగటును నమ్మి మోసపోవడం ఈ చరిత్రలో మళ్లీ మళ్లీ ఎదురయ్యే సంగతి.

5. చిత్రంలోని గుర్రం

1986 అనుభవం తరువాత పరిశోధన రెండు దారులు పట్టింది. ఒకటి, నెట్‌వర్క్‌ను మొత్తంగా కంప్యూటర్ లోపల లెక్కల రూపంలో నడపడం. ఎస్. కేశవ్ బర్క్‌లీలో 1988 ప్రాంతంలో తయారుచేసిన 'రియల్', దాని నుంచి 1989లో మొదలైన 'ఎన్ఎస్' ఈ కోవకు చెందుతాయి. ఇక్కడ ప్యాకెట్లూ నిజం కావు, సాఫ్ట్‌వేర్ కూడా నిజం కాదు. రెండింటి నమూనాలూ నడుస్తాయి. రెండవ దారిలో అసలైన సాఫ్ట్‌వేరే అసలైన ప్యాకెట్లను పంపుతుంది; నడిమి దారి ఒక్కటే కృత్రిమం. మొదటిదాన్ని ఇంగ్లిషులో సిమ్యులేషన్ అనీ, రెండవదాన్ని ఎమ్యులేషన్ అనీ అంటారు. తెలుగులో రెంటికీ 'అనుకరణ' అనే మాటనే వాడుతున్నారు. ఈ వ్యాసం మొదటిదాన్ని గణనానుకరణ అనీ, రెండవదాన్ని మార్గానుకరణ అనీ వేరుచేసి వాడుతుంది. పేర్లు కుదురుగా లేవన్న మాట నిజమే. భేదం మాత్రం అవసరం.

అనుకరణ అన్న మాట తెలుగు విద్యార్థికి రసచర్చను గుర్తుచేయక మానదు. నటుడిలో రాముణ్ని చూసే ప్రేక్షకుడి జ్ఞానం యథార్థమూ కాదు, మిథ్యా కాదు, సంశయమూ కాదు, సాదృశ్యమూ కాదు. అది చిత్రంలోని గుర్రాన్ని గుర్రమని అనుకోవడం వంటిదని శ్రీశంకుకుడు చెప్పాడు. ఇదే చిత్రతురగ న్యాయం. దీనికి భట్టతౌతుడు చెప్పిన ఆక్షేపణను అభినవగుప్తుడు అభినవభారతిలో నిలిపాడు. రాముడిలోని రతిభావాన్ని చూసినవారెవరూ లేనప్పుడు, నటుడు చేసేది దానికి అనుకరణ అని ఎవరు నిర్ణయించగలరన్నది ఆ ఆక్షేపణ సారం. మార్గానుకరణకూ ఇదే ప్రశ్న వేయవచ్చు. నెమ్మది దారిని ఎన్నడూ వాడని వ్యక్తి, తన ముందున్న నకలు ఆ దారికి నకలేనని ఎలా చెప్పగలడు? నాటకంలో ఈ లోటును కల్పన పూడుస్తుంది. పరీక్షలో మాత్రం పూడ్చడానికి ఏమీ లేదు.

మార్గానుకరణ సాధనాలు 1990లలో ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో 1994లో వచ్చిన 'డిలేలైన్' అనువర్తనానికి జోడించే గ్రంథాలయం రూపంలో పనిచేసేది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు 'హిట్‌బాక్స్' 1995లో టీసీపీ వేగాస్ అనే కొత్త పద్ధతిని అంచనా వేయడానికి ఉపయోగపడింది. వీటన్నింటిలో ఎక్కువ కాలం నిలిచింది పీసా విశ్వవిద్యాలయపు లూయిజీ రిజ్జో 1997లో ప్రకటించిన 'డమ్మీనెట్'. దానికి పది యంత్రాల ప్రయోగశాల అక్కర్లేదు. ఒకే కంప్యూటర్‌లో, ప్యాకెట్ ఒక పొర నుంచి మరో పొరకు దిగే చోట మాటువేసి దాన్ని పట్టుకుంటుంది. మొదట పరిమితమైన పొడవున్న ఒక వరుసలో నిలబెడుతుంది. వరుస నిండితే కొత్తగా వచ్చినదాన్ని పారేస్తుంది. నిర్ణయించిన వేగంతో ఆ వరుస నుంచి ఒక్కొక్కటే బయటికి వదులుతుంది. బయటపడినదాన్ని రెండో వరుసలో, నిర్ణయించిన జాప్యం తీరేదాకా అట్టిపెడుతుంది. సెకనుకు 64 కిలోబిట్ల దారి కావాలంటే 1500 బైట్ల ప్యాకెట్ మొదటి వరుస దాటడానికే 187.5 మిల్లీసెకన్లు పడుతుంది. ఉపగ్రహం కావాలంటే రెండో వరుసలో మరో 250 కలుపుకోవాలి. కాలువ వెడల్పు, శివారు దూరం అనే భేదాన్ని రెండు వరుసలుగా విడదీసి చూపడమే దీని గొప్పతనం. ఫ్రీబీఎస్‌డీలో భాగమై, తరువాత ఆపిల్ కంప్యూటర్లకూ చేరింది.

లినక్స్‌లో ఈ పని చేసేది స్టీఫెన్ హెమింగర్ రూపొందించి 2005లో కాన్‌బెరా సదస్సులో వివరించిన 'నెట్‌ఎమ్'. అమెరికా ప్రమాణాల సంస్థలో తయారైన నిస్ట్‌నెట్ నుంచి జాప్య విభాజన పట్టికలను అది తీసుకుంది. 100 మిల్లీసెకన్ల జాప్యం, దానికి అటూ ఇటూ 10 మిల్లీసెకన్ల ఊపు, ఒక ప్యాకెట్ జాప్యానికి తరువాతి ప్యాకెట్ జాప్యంతో ఇంత సంబంధం అని ఒక్క వరుస ఆజ్ఞతో చెప్పవచ్చు. నేడు ప్రపంచంలోని సర్వర్లలో అత్యధికం లినక్స్ మీదే నడుస్తున్నందున, దాదాపు ప్రతి సర్వర్‌లోనూ తనను తాను నెమ్మది చేసుకునే శక్తి నిద్రాణంగా ఉందనవచ్చు.

6. సగటు చెప్పని సంగతి

సాధనం చేతికందాక దానిలో ఏ అంకె వేయాలన్నది కష్టమైన ప్రశ్న. చాలామంది వేసేది ఒక స్థిర జాప్యం, నూటికి ఇన్ని అనే నష్టం. అసలు మొబైల్ దారి అలా ప్రవర్తించదు. నష్టం చినుకుల్లా అక్కడొకటి ఇక్కడొకటి పడదు. జడివానలా గుంపుగా పడుతుంది. ఎడ్గర్ గిల్బర్ట్ 1960లోనే మంచి స్థితి, చెడు స్థితి అనే రెండు స్థితుల మధ్య దారి మారుతూ ఉంటుందనే నమూనా ఇచ్చాడు. నెట్‌ఎమ్‌లో అది చేరడానికి 2010 దాటాల్సి వచ్చింది. యాభై ప్యాకెట్లకు ఒకటి చొప్పున పోవడానికీ, ముప్పై వరుసగా పోయి ఆపై సుదీర్ఘకాలం ఏదీ పోకపోవడానికీ సగటు ఒకటే కావచ్చు. మొదటిదాన్ని అనువర్తనం గమనించను కూడా గమనించదు. రెండోదానితో ఫారం నింపి 'సమర్పించు' నొక్కిన విద్యార్థి దరఖాస్తు ఏమైందో తెలియక కూర్చుంటాడు.

ఒడుదొడుకు విషయంలోనూ చిక్కే. ప్రతి ప్యాకెట్‌కూ విడివిడిగా యాదృచ్ఛిక జాప్యం ఇస్తే, వెనక బయలుదేరినది ముందుదాన్ని దాటిపోతుంది. సెల్ టవర్ దగ్గర సాధారణంగా వరుస చెదరదు. మొత్తం వరుసే ఆగి, ఒక్కసారిగా కదులుతుంది. పేరుకు ఊపును పరీక్షిస్తున్నామనుకుంటూ, పరీక్షకుడు వరుస తప్పడాన్ని పరీక్షిస్తాడు. 2010 తరువాత జిమ్ గెటీస్ 'బఫర్‌బ్లోట్' పేరుతో ఎత్తిచూపినది ఇంకొకటి: రూటర్లలో అతిగా పెంచిన నిలవల వల్ల, జాప్యం వాడేవారి వాడకాన్ని బట్టే పెరుగుతుంది. స్థిర జాప్యం దారికి మాత్రమే చెందిన గుణం. బఫర్‌బ్లోట్ దారికీ ప్రయాణికుడికీ మధ్య సంబంధం.

దీనికి ఒక సమాధానం, అంకెలను ఊహించడం మాని దారినే రికార్డు చేసుకోవడం. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు బ్రయాన్ నోబుల్, ఎం. సత్యనారాయణన్ తదితరులు 1997లో ఈ పద్ధతి చూపారు. వైర్‌లెస్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్ పట్టుకొని ప్రాంగణంలో నడిచారు, లిఫ్టు ఎక్కారు. అడుగడుగునా దారి ఎలా మారిందో నమోదు చేసి, ఆ మార్పులనే తరువాత గదిలో తిరిగి ఆడించారు. ఎంఐటీలో 2015 నాటికి వచ్చిన 'మహిమాహి' వెబ్‌పుటలనూ సెల్ దారులనూ ఇలాగే నమోదు చేసి తిరిగి నడిపింది. భట్టతౌతుడి ఆక్షేపణకు ఇవి కొంత బదులిస్తాయి. ఎవరో ఒకరు అసలును చూశారు, చూసినది రాసుకున్నారు. అయితే ఎవరు, ఎక్కడ నడిచారన్న ప్రశ్న మిగిలే ఉంది. పిట్స్‌బర్గ్ లిఫ్టు రికార్డు పాడేరు ఘాట్ రోడ్డుకు చెల్లదు.

7. మంగళవారాలు, బైట్లు, పేర్లు

2011లో ఆపిల్ తన అభివృద్ధి ఉపకరణాలతో పాటు నెట్‌వర్క్ లింక్ కండిషనర్ ఇచ్చింది. 2014 నుంచి క్రోమ్ బ్రౌజర్‌లోనే మందగమన ఎంపిక వచ్చింది. 2015లో ఫేస్‌బుక్ తన ఇంజినీర్ల కోసం వాడే అనుకరణ సాధనాన్ని అందరికీ విడుదల చేసి, అక్టోబరులో '2జీ మంగళవారాలు' ప్రకటించింది. మంగళవారం ఉద్యోగులు తమ ఫేస్‌బుక్ తెరిచినప్పుడు, ఒక గంట సేపు 2జీ వేగంతో వాడి చూస్తారా అనే ప్రశ్న కనిపించేది. భారతదేశం వంటి దేశాల్లో కోట్ల మంది అప్పటికి 2జీ మీదే ఉన్నారన్నది దీనికి నేపథ్యం. ఆలోచన మంచిదే. రీజ్, క్లెమర్ చూపినట్టు జాప్యాన్ని గుర్తించడం నేర్చుకునే విషయం కనుక, ఇంజినీర్లకు అది నేర్పడం అవసరమే. కానీ ఆ గంటలో ఒక తలుపు ఎప్పుడూ తెరిచే ఉంది. వద్దనుకుంటే వద్దు, గంట తీరితే వేగం తిరిగి వస్తుంది. నిజమైన 2జీ వాడకందారుకు వేచి ఉండటం ఎప్పటికి ముగుస్తుందో తెలియదు, వేచినంతసేపూ డేటా ఖర్చవుతుంది. జాప్యంలో భాగమైన ఈ అనిశ్చితిని ఏ సాధనమూ అనుకరించలేదు.

తెలుగు వాడకందారు విషయంలో మరొక లెక్క చేరుతుంది. ఇంగ్లిషు అక్షరం యూటీఎఫ్-8లో ఒక బైటు. తెలుగు సంకేతం ప్రతిదీ మూడు బైట్లు. 'లక్ష్మి' అన్న పేరును ఇంగ్లిషులో రాస్తే ఏడు అక్షరాలు, ఏడు బైట్లు. తెలుగులో మూడు హల్లుల పక్కన ల, రెండు విరామ చిహ్నాలు, ఒక గుడి లెక్కిస్తే అవీ ఏడు సంకేతాలే, కానీ 21 బైట్లు. పాత ఇస్కీ పద్ధతిలో ఇవే ఏడు బైట్లలో ఇమిడేవి. సెకనుకు 40 కిలోబిట్ల దారిలో పదివేల ఇంగ్లిషు అక్షరాలు రెండు సెకన్లలో చేరితే, పదివేల తెలుగు సంకేతాలకు ఆరు సెకన్లు కావాలి. సర్వర్ పుటను కుదించి పంపితే ఈ తేడా బాగా తగ్గుతుంది, కుదించకపోతే తగ్గదు. ఎస్ఎంఎస్‌లో ఇది ఇంకా స్పష్టం: ఒక సందేశంలో ఇంగ్లిషు అక్షరాలు 160 పడితే, తెలుగు సంకేతాలు 70 మాత్రమే.

ఫాంటుతో చిక్కు మరీ ఎక్కువ. ఒత్తులు, గుణింతాల రూపాలన్నీ మోయాలి కనుక తెలుగు ఫాంటు లాటిన్ ఫాంటు కన్నా ఎన్నో రెట్లు బరువుగా ఉంటుంది. పుటకు కేటాయించిన ఫాంటు చేరేదాకా చాలా బ్రౌజర్లు మూడు సెకన్ల వరకు ఆ పాఠాన్ని కనిపించనీయవు. ఒకే అనుకరణ సాధనంలో, ఒకే అంకెలు పెట్టి, ఒకే వార్తాసంస్థ ఇంగ్లిషు పుటనూ తెలుగు పుటనూ తెరిస్తే రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లని భ్రమ కలగవచ్చు. ఇంగ్లిషు పుటతో పరీక్ష ముగించి తెలుగు పుటకు కూడా సరిపోతుందని అనుకోవడం, పొడవు సరిపోయింది కనుక కేబుల్ సరిపోయిందనుకున్న 1856 నాటి తర్కానికి దగ్గరి చుట్టం. తెలుగు పత్రికల సైట్లు సొంత ఫాంట్లను దించుకోమని పాఠకుణ్ని అడిగిన రోజుల్లో ఈ బరువు కనీసం కంటికి కనిపించేది. నేడు అది తెర వెనుక దిగుతుంది కనుక లెక్కలోకి రావడం లేదు.

బ్రౌజర్‌లోని ఎంపికల్లో అంకెలకు కూడా ఒక కథ ఉంది. క్రోమ్‌లో 'స్లో 3జీ' అంటే సెకనుకు 400 కిలోబిట్లు, 2000 మిల్లీసెకన్ల జాప్యం. నిజానికి అనుకున్న దారి జాప్యం 400 మిల్లీసెకన్లే. బ్రౌజర్ ప్యాకెట్లను ఆపలేదు, వినతులను మాత్రమే ఆపగలదు. ఒక వినతిలో ప్యాకెట్లు పలుమార్లు వెళ్లి వస్తాయి కనుక 400ను ఐదుతో హెచ్చవేశారు. 'ఫాస్ట్ 3జీ'లో 150ని 3.75తో హెచ్చవేస్తే 562.5 వచ్చింది. గుణకం వేసిన ఇంజినీరుకు ఇది ఉజ్జాయింపని తెలుసు. మెనూలో పేరు మాత్రమే చూసే పరీక్షకుడికి తెలియదు. 2024లో ఈ పేర్లు మార్చారు. 'స్లో 3జీ' కేవలం '3జీ' అయింది. 'ఫాస్ట్ 3జీ' అన్నది 'స్లో 4జీ'గా మారింది. దాని లోపలి జాప్యం మాత్రం ఆ 562.5 మిల్లీసెకన్లుగానే ఉంది.